పాత ప్రింటర్‌ను విండోస్ 11లో పనిచేయించడం ఎలా? అంచెలంచెలుగా పూర్తి మార్గదర్శి

"కొత్త కంప్యూటర్ కొన్నామండీ, పాత ప్రింటరు కదలట్లేదండీ." 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిశాక ఈ మాట కాకినాడ నుంచి నరసాపురం దాకా అన్ని వైపులా వినిపిస్తోంది. జిరాక్స్ షాపుల్లో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020లు, ఎం1005లు ఉన్నాయి. ఆఫీసు బల్లల మీద క్యానన్ ఎల్‌బీపీ 2900బీలు, రైస్ మిల్లుల్లోనూ కాటాల దగ్గరా టీవీఎస్, ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్‌లు ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఏ రోగమూ లేదు. వాటిని పాత ఇనుము కింద అమ్మేయాల్సిన పని అసలే లేదు.

ఎక్కువమంది ముందు కేబుల్ పెట్టేస్తారు. పని చేయకపోతే నెట్‌లో దొరికిన డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేస్తారు, అదీ కుదరకపోతే ఇంకొకటి వేస్తారు. దాంతో చిక్కు మీద చిక్కు పడుతుంది. దీనికి వరుస ముఖ్యం. ముందు ప్రింటర్ బాగుందో లేదో చూడాలి, తర్వాత అది ఏ రకమో తెలుసుకోవాలి, ఆ తర్వాతే డ్రైవర్ జోలికి వెళ్లాలి. కింద చెప్పిన క్రమంలోనే వెళ్లండి, మధ్యలోకి దూకకండి.

## 1. ముందు ప్రింటర్ తప్పు లేదని తేల్చుకోండి

కంప్యూటర్‌తో సంబంధం లేకుండా ప్రింటర్ ఒక్కటే పనిచేస్తోందా? ఇది తెలియకుండా విండోస్‌తో కుస్తీ పడితే పొద్దంతా వృథా అవుతుంది.

- ఎం1005 లాంటి ఆల్ ఇన్ వన్ అయితే అద్దం మీద కాగితం పెట్టి జిరాక్స్ తీయండి. కాపీ శుభ్రంగా వస్తే డ్రమ్ము, టోనరు, ఫ్యూజరు (టోనరును వేడితో కాగితానికి అంటించే భాగం) బాగున్నట్టే.
- ఎప్సన్ ఎల్ఎక్స్-300 తరహా డాట్ మ్యాట్రిక్స్ అయితే ఎల్ఎఫ్/ఎఫ్ఎఫ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ ఆన్ చేయండి. సెల్ఫ్ టెస్ట్ వరుసలు కొడుతుంది.
- 1020, 2900బీ లాంటి చిన్న లేజర్లకు అలాంటి సౌకర్యం ఉండదు. అది ఇంకా పాత కంప్యూటర్‌కు తగిలించి ఉంటే, విప్పే ముందు అక్కడే ఒక పేజీ తీసి చూడండి.

యూఎస్‌బీ కేబుల్ రెండు కొసలూ చూడండి. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉప్పు గాలికి కనెక్టర్ లోపలి పిన్నులు పచ్చబడతాయి. కేబుల్ పాతబడి ఉంటే పొట్టిది ఒకటి కొత్తది కొనండి. యూఎస్‌బీ హబ్‌ల ద్వారా, ఎక్స్‌టెన్షన్ వైర్ల ద్వారా కాకుండా కంప్యూటర్ వెనక పోర్టుకు నేరుగా పెట్టండి. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో గుర్తుపట్టకపోతే నల్లటి యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి చూడండి. కొన్ని పాత ప్రింటర్లు అక్కడే సుఖంగా ఉంటాయి.

వానాకాలంలో మన దగ్గర కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది. అప్పుడు పేపర్ ఇరుక్కుంటుంది, రెండేసి కాగితాలు లోపలికి పోతాయి. కంప్యూటర్ మార్చిన వారంలోనే ఇలా జరిగితే తప్పు విండోస్‌దే అనిపిస్తుంది. కానీ కాదు. విప్పిన పేపర్ కట్టను ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకోండి, పేపర్‌ను లాగే రబ్బరు రోలర్‌ను కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. డ్రైవర్ వల్ల పేపర్ ఇరుక్కోదు.

లేజర్ ప్రింటర్‌ను మాత్రం కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించకండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట కూడా దాన్ని గోడ ప్లగ్గుకే పెట్టాలి.

## 2. కంప్యూటర్ గురించి నాలుగు విషయాలు రాసుకోండి

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్‌లో అబౌట్ పేజీ చూడండి. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి.

- విండోస్ 64-బిట్టేనా? విండోస్ 11లో 32-బిట్ రకం అసలు లేదు. అంటే విండోస్ ఎక్స్‌పీ నాటి సీడీలో ఉన్న 32-బిట్ డ్రైవర్ ఎంత అసలైనదైనా ఇక్కడ పనికిరాదు. "మా దగ్గర ఒరిజినల్ సీడీ ఉందండీ, అయినా ఎక్కట్లేదు" అనేవాళ్లలో ఎక్కువమందికి ఇదే కారణం.
- ప్రాసెసర్ ఏది? ఇంటెల్, ఏఎండీ అయితే ఇబ్బంది లేదు. స్నాప్‌డ్రాగన్ లాంటి ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే మామూలు 64-బిట్ డ్రైవర్ పనిచేయదు, ఆర్మ్ కోసం తయారైన డ్రైవరే కావాలి. పాత ప్రింటర్లకు అది దాదాపు దొరకదు.
- ఎస్ మోడ్‌లో ఉందా? కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లు ఇలా వస్తాయి. ఆ మోడ్‌లో బయటి నుంచి తెచ్చిన ఇన్‌స్టాలర్ నడవదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ ద్వారా ఉచితంగా బయటికి రావచ్చు, కానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు.
- విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ ఆన్‌లో ఉందా? 24హెచ్2 వెర్షన్ నుంచి వచ్చిన సౌకర్యం ఇది. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీ అడుగున కనిపిస్తుంది. ఇది ఆన్‌లో ఉంటే కంపెనీల సొంత డ్రైవర్లు ఏవీ పనిచేయవు. పాత ప్రింటర్ కావాలంటే ఇది ఆఫ్‌లో ఉండాలి.

## 3. మీ ప్రింటర్ ఏ జాతిదో గుర్తించండి

మొత్తం పనిలో ఇదే అసలు మెట్టు. దీన్ని దాటేసినవాళ్లే మళ్లీ మళ్లీ మొదటికి వస్తారు.

ప్రతి ప్రింటర్‌కూ ఒక భాష ఉంటుంది. కంప్యూటర్ ఆ భాషలో పంపితేనే దానికి అర్థమవుతుంది. డ్రైవర్ చేసేది అదే, మన పేజీని ప్రింటర్ భాషలోకి మార్చడం. మీ మోడల్ వివరాల పట్టికలో "ప్రింటర్ లాంగ్వేజ్" అనే వరుసలో ఏముందో చూడండి.

హోస్ట్ బేస్డ్ జాతి. హెచ్‌పీ 1018, 1020, పీ1007, పీ1008, ఎం1005, క్యానన్ ఎల్‌బీపీ 2900 ఇందులోకి వస్తాయి. ఈ ప్రింటర్లకు సొంత తెలివి చాలా తక్కువ. 1020లో ఉండే మెమరీ 2 ఎంబీ మాత్రమే. పేజీని చుక్కలుగా గీసే పనంతా కంప్యూటరే చేసి, తయారైన బొమ్మను పంపాలి. అందుకే వీటికి తమ కంపెనీ డ్రైవరే కావాలి. హెచ్‌పీ యూనివర్సల్ ప్రింట్ డ్రైవర్ 1020కి పనికిరాదు. పేరులో యూనివర్సల్ అని ఉన్నా దీనికి వర్తించదు. క్యానన్ 2900కి క్యాప్ట్ అనే సొంత డ్రైవర్ ఉంది, దాని 64-బిట్ రకమే వెతకాలి.

పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ జాతి. హెచ్‌పీ 1320, పీ2015, పీ2055 లాంటి ఆఫీసు లేజర్లు ఇందులోవి. వీటికి అంత బెంగ లేదు. కంపెనీ డ్రైవర్ దొరక్కపోయినా యూనివర్సల్ డ్రైవర్‌తోనో, విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ పీసీఎల్6 క్లాస్ డ్రైవర్‌తోనో పని జరిగిపోతుంది.

ఈఎస్‌సీ/పీ జాతి. డాట్ మ్యాట్రిక్స్‌లలో ఎక్కువ భాగం ఇవే. ఎప్సన్ తయారుచేసిన ఈ భాషను టీవీఎస్ ఎంఎస్‌పీ వరుస కూడా అర్థం చేసుకుంటుంది. 9 పిన్నులదా, 24 పిన్నులదా అన్నది కూడా రాసుకోండి. ఎల్ఎక్స్ వరుస 9 పిన్నులది, ఎల్‌క్యూ వరుస 24 పిన్నులది.

పాత కలర్ ఇంక్‌జెట్‌లు కూడా మొదటి జాతిలాగే తమ సొంత డ్రైవర్ మీదే ఆధారపడతాయి. కానీ నెలల తరబడి వాడకుండా పక్కన పెట్టిన ఇంక్‌జెట్ హెడ్ ఎండిపోయి ఉంటుంది. డ్రైవర్ వేట మొదలుపెట్టే ముందు అది తేలాలి.

## 4. డ్రైవర్ ఎక్కడ తెచ్చుకోవాలి

ఈ వరుసలో వెతకండి. మొదటి చోట దొరికితే రెండోదానికి వెళ్లనక్కరలేదు.

1. కంపెనీ సొంత వెబ్‌సైట్. మోడల్ పేరు ఇచ్చి, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర విండోస్ 11 ఎంచుకోండి. ఏమీ లేదంటే విండోస్ 10 64-బిట్, అదీ లేకపోతే విండోస్ 7 64-బిట్ ఎంచుకోండి. విండోస్ 10 64-బిట్ డ్రైవర్ చాలా సందర్భాల్లో 11లో అలాగే పనిచేస్తుంది.
2. మీ పాత కంప్యూటర్. దాన్ని ఫార్మాట్ చేసే ముందు ఆగండి. అది 64-బిట్ విండోస్ 10 అయితే డ్రైవర్ అందులోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పీఎన్‌పీ యుటిల్ (pnputil) అనే ఆదేశానికి ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ (/export-driver *) అనే ఎంపిక జోడిస్తే బయటి డ్రైవర్లన్నీ మీరు చెప్పిన ఫోల్డర్‌లోకి వస్తాయి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.
3. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్. మోడల్ పేరుతో వెతికితే క్యాబ్ ఫైలు (కుదించి కట్టిన డ్రైవర్ మూట) దొరకవచ్చు. దాన్ని విప్పి ఐఎన్ఎఫ్ ఫైలు (డ్రైవర్‌ను ఎలా ఎక్కించాలో విండోస్‌కు చెప్పేది) ఉన్న ఫోల్డర్‌ను వాడాలి.

కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా పంచడం దశలవారీగా తగ్గిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. "ప్లగ్ పెట్టగానే అదే తెచ్చుకుంటుంది" అనే నమ్మకం ఇకపై తగ్గించుకోవాలి. దొరికిన డ్రైవర్‌ను రెండు చోట్ల దాచుకోండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి మెయిల్‌లోనో క్లౌడ్‌లోనో ఉండాలి.

వెతికేటప్పుడు పైన కనిపించే ప్రకటనల్లో "డ్రైవర్ అప్‌డేటర్" సైట్లు చాలా ఉంటాయి. వాటిని తాకకండి. అవి ఎక్కించేది డ్రైవర్ కాదు, ప్రకటనలు, కొన్నిసార్లు అంతకంటే చెడ్డవి. "కస్టమర్ కేర్" పేరుతో కనిపించే ఫోన్ నంబర్లకు ఫోన్ చేసి మీ కంప్యూటర్‌ను వాళ్ల చేతికి ఇవ్వకండి. ఆ కంప్యూటర్‌లోనే జనం ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉంటాయని మర్చిపోవద్దు. దించుకున్న ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి, కంపెనీ పేరు ఉండాలి.

డ్రైవర్ సిగ్నేచర్ తనిఖీని ఆపేయమని సలహా ఇచ్చే వీడియోలు ఉన్నాయి. ఆ దారి వద్దు. ఒక ప్రింటర్ కోసం మొత్తం కంప్యూటర్ తలుపు తీసి పెట్టడం అవుతుంది.

## 5. పాత అవశేషాలు తుడిచేయండి

బొత్తిగా కొత్త కంప్యూటర్ అయితే ఈ మెట్టు వదిలేయండి. విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ అయినవాళ్లు, ఇప్పటికే రకరకాల డ్రైవర్లు వేసి చూసినవాళ్లు తప్పకుండా చేయాలి.

1. ప్రింటర్ ఆఫ్ చేసి కేబుల్ పీకండి.
2. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో ఆ ప్రింటర్ పేరుతో ఉన్నవన్నీ తీసేయండి. "కాపీ 1" అని ఉన్నవి కూడా.
3. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని సాఫ్ట్‌వేర్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి.
4. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ తెరిచి డ్రైవర్స్ ట్యాబ్‌లో ఆ మోడల్‌ను ఎంచుకుని, డ్రైవర్‌తో పాటు ప్యాకేజీని కూడా తీసేయమనండి.
5. "వాడుకలో ఉంది" అంటూ మొండికేస్తే స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి, ప్రింట్ స్పూలర్‌ను (ప్రింట్ పనులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే సర్వీసు) ఆపి మళ్లీ మొదలుపెట్టి, వెంటనే ప్రయత్నించండి.
6. కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

## 6. ఇన్‌స్టాల్ చేసే వరుస

ఇన్‌స్టాలర్ ఉంటే: కేబుల్ పెట్టకుండానే మొదలుపెట్టండి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. "ఇప్పుడు ప్రింటర్ తగిలించండి" అని అడిగినప్పుడే కేబుల్ పెట్టి స్విచ్ వేయాలి. క్యానన్ 2900 విషయంలో ఇది మరీ ముఖ్యం. ముందే తగిలిస్తే విండోస్ దాన్ని తెలియని పరికరంగా రాసుకుంటుంది, తర్వాత ఇన్‌స్టాలర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

"ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు లేదు" అంటే కంగారు పడకండి. చాలాసార్లు ఆ అభ్యంతరం ఇన్‌స్టాలర్‌ది, లోపలి డ్రైవర్‌ది కాదు. ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ 7 లేదా 8 ఎంచుకుని నడపండి. అప్పటికీ కాకపోతే 7-జిప్ అనే ప్రోగ్రామ్‌తో ఆ ఫైలును ఒక ఫోల్డర్‌లోకి విప్పి, చేత్తో ఎక్కించండి.

చేత్తో ఎక్కించాలంటే: ఈ పద్ధతిలో మాత్రం కేబుల్ ముందే పెట్టాలి. ప్రింటర్ ఆన్‌లో ఉంటేనే యూఎస్‌బీ001 అనే పోర్టు పుడుతుంది.

1. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ కంట్రోలర్ల కింద "యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్" కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే కేబుల్, పోర్టు బాగున్నట్టే. కనిపించకపోతే మొదటి మెట్టుకు వెళ్లండి, డ్రైవర్ వల్ల లాభం లేదు.
2. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ డివైస్ నొక్కి కాసేపు ఆగండి. చేత్తో జోడించే లింకు అప్పుడు వస్తుంది.
3. మాన్యువల్ సెట్టింగ్స్‌తో లోకల్ ప్రింటర్ జోడించే ఎంపికను తీసుకోండి.
4. ఉన్న పోర్టుల్లో యూఎస్‌బీ001 ఎంచుకోండి. ఎల్‌పీటీ1 (పాత ప్యారలల్ పోర్టు పేరు) వద్దు.
5. హ్యావ్ డిస్క్ నొక్కి, డ్రైవర్ ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్ ఫైలు చూపించి, మోడల్ ఎంచుకోండి.
6. ఇంకా టెస్ట్ పేజీ తీయకండి. ముందు ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో పేపర్ సైజు చూడండి.

లెటర్ సైజు ఉంటే ఏ4కు మార్చండి. కొత్తగా వేసిన డ్రైవర్లు అమెరికా అలవాటు ప్రకారం లెటర్ సైజుతో వస్తుంటాయి. ట్రేలో పేపర్ నిండా ఉన్నా ప్రింటర్ లైటు వెలిగి ఆరుతూ పేపర్ అడుగుతోందంటే ముందు చూడాల్సింది ఇదే.

విండోస్ తనంతట తాను డిఫాల్ట్ ప్రింటర్‌ను మార్చే సెట్టింగ్ కూడా అదే పేజీలో ఉంది. దాన్ని ఆఫ్ చేసి మీ ప్రింటర్‌ను డిఫాల్ట్ చేయండి. ఇది వదిలేస్తే రేపు బిల్లు నొక్కగానే పీడీఎఫ్ సేవ్ చేయమంటుంది.

## 7. ఇన్‌స్టాల్ అయింది, అయినా సరిగా రావడం లేదా?

అర్థం కాని గుర్తులతో పేజీల మీద పేజీలు వస్తుంటే: వేరే భాష డ్రైవర్ పడింది. వెంటనే ప్రింటర్ ఆపి, క్యూలో పని రద్దు చేసి, మూడో మెట్టు మళ్లీ చూడండి.

నిన్న పనిచేసి ఇవాళ ఆఫ్‌లైన్ అంటే: ఎవరో ఊడ్చేటప్పుడు కేబుల్ పీకి పక్క పోర్టులో పెట్టి ఉంటారు. విండోస్ దానికి యూఎస్‌బీ002 అని కొత్త పోర్టు ఇస్తుంది, పాత ప్రింటర్ ఇంకా 001 వైపే చూస్తూ ఉంటుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్‌కు వెళ్లి సరైనదాని దగ్గర టిక్ పెట్టండి. ఏ పోర్టు ఈ ప్రింటర్‌దో కంప్యూటర్ వెనక స్టిక్కర్ అంటించడం మంచిది.

క్యూలో ఒక పని ఇరుక్కుని, డిలీట్ చేసినా పోకపోతే: ప్రింట్ స్పూలర్ సర్వీసును ఆపండి. సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32, స్పూల్ వరుసలో వెళ్లి ప్రింటర్స్ ఫోల్డర్ లోపల ఉన్న ఫైళ్లు మాత్రమే తీసేయండి, ఫోల్డర్‌ను కాదు. సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి.

విండోస్ అప్‌డేట్ తర్వాత ఆగిపోతే: ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ ఆన్ అయిందేమో చూడండి. కాకపోతే ఐదో మెట్టు, ఆరో మెట్టు మళ్లీ చేయండి. డ్రైవర్ దాచుకున్నారు కాబట్టి ఎక్కువ సేపు పట్టదు.

## 8. డాట్ మ్యాట్రిక్స్ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా

మండపేట మిల్లులో ధాన్యం రశీదుకైనా, భీమవరంలో మేత దుకాణం బిల్లుకైనా కార్బన్ కాపీ కావాలంటే డాట్ మ్యాట్రిక్స్ తప్ప దారి లేదు. లేజర్ పేజీ మీద వేడితో అంటిస్తుంది, కొట్టదు కాబట్టి కింది కాపీ మీద అక్షరం పడదు. అందుకే ఈ ప్రింటర్లను జాగ్రత్తగా కాపాడుకోవాలి.

కనెక్షన్. పాత మోడళ్లకు లావుపాటి ప్యారలల్ కేబుల్ ఉంటుంది, కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు. 36 పిన్నుల కొస ఉన్న యూఎస్‌బీ టు ప్యారలల్ కేబుల్ కొనండి. ఇది ఎల్‌పీటీ1ను ఇవ్వదు, యూఎస్‌బీ001నే ఇస్తుంది. డ్రైవర్ పోర్టు దాని ప్రకారమే పెట్టాలి. డెస్క్‌టాప్ అయితే ప్యారలల్ పోర్టు కార్డు వేయించుకోవడం ఇంకా నిలకడైన పద్ధతి.

డ్రైవర్. ముందు కంపెనీ 64-బిట్ డ్రైవర్ వెతకండి. లేకపోతే, 9 పిన్నుల ప్రింటర్‌కు ఎప్సన్ 9 పిన్నుల డ్రైవర్, 24 పిన్నులకు ఎల్‌క్యూ డ్రైవర్ వేయండి. ప్రింటర్ మెనూలోనో, డిప్ స్విచ్‌లలోనో ఎమ్యులేషన్ (ప్రింటర్ ఏ భాషను అనుసరించాలో చెప్పే సెట్టింగ్) ఎప్సన్‌కు ఉండాలి, ఐబీఎం ప్రోప్రింటర్‌కు కాదు.

జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ ఎప్పుడు? ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతో చకచకా బిల్లులు కొట్టే ప్రోగ్రామ్‌కు ఇది భేషుగ్గా ఉంటుంది. తెలుగు పేర్లు వచ్చే బిల్లుకు మాత్రం వద్దు. ఈ డ్రైవర్ అక్షరం కోడ్‌ను మాత్రమే పంపుతుంది, ప్రింటర్ తన లోపలి అక్షరాలతో కొడుతుంది. దాని లోపల తెలుగు లేదు. తెలుగు కావాలంటే పేజీని బొమ్మగా పంపే అసలు డ్రైవరే ఉండాలి. కాస్త నెమ్మదిస్తుంది, తప్పదు.

కాగితం కొలత. బిల్లు మొదటి పేజీ సరిగా వచ్చి, తర్వాత ఒక్కో పేజీకీ కొంచెం కొంచెం పైకి జరుగుతోందంటే కారణం ఇదే. మన దగ్గర దొరికే 10×12 కంటిన్యూస్ స్టేషనరీ పొడవు 12 అంగుళాలు. ఏ4 పొడవు 11.69 అంగుళాలు. డ్రైవర్‌లో ఏ4 ఉంటే పేజీకి దాదాపు 8 మిల్లీమీటర్లు తేడా పడుతుంది. పదో పేజీకి వచ్చేసరికి మొత్తం బిల్లు గీతలు దాటిపోతుంది. ప్రింటర్ పాడైందని మెకానిక్‌ను పిలిచే ముందు ఇలా చేయండి.

1. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో ఫామ్స్ ట్యాబ్ తెరవండి.
2. కొత్త ఫామ్ సృష్టించే గడిలో టిక్ పెట్టి, ఇంగ్లిష్ కొలతలు ఎంచుకుని, వెడల్పు 10, పొడవు 12 ఇవ్వండి. సగం బిల్లు అయితే పొడవు 6.
3. గుర్తుండే పేరు పెట్టి సేవ్ చేయండి.
4. ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లోనూ, డివైస్ సెట్టింగ్స్‌లో ట్రాక్టర్ ఫీడ్ దగ్గరా ఆ ఫామ్‌నే ఎంచుకోండి.
5. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ అదే సైజు పెట్టండి. రెండు చోట్లా ఒకటే ఉండాలి.
6. ప్రింటర్ సొంత మెనూలో పేజీ పొడవు ఉంటే అదీ 12 అంగుళాలకు సరిచేయండి.

డాస్ నాటి ప్రోగ్రాములు. 64-బిట్ విండోస్ మీద 16-బిట్ డాస్ ప్రోగ్రామ్ నేరుగా నడవదు. డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్-ఎక్స్ అనే ప్రోగ్రామ్‌లో నడిపి అక్కడి నుంచి ప్రింట్ పంపవచ్చు. ప్రోగ్రామ్ నడుస్తూ ఎల్‌పీటీ1కి మాత్రమే రాస్తానంటే, ప్రింటర్‌ను షేర్ చేసి నెట్ యూజ్ (net use) ఆదేశంతో ఎల్‌పీటీ1ను ఆ షేర్‌కు కలపాలి. లెక్కల డేటా కాపీ తీశాకే ఇవన్నీ మొదలుపెట్టండి.

## 9. ప్రింట్ వస్తోంది, తెలుగే తప్పుగా వస్తోంది

ఇది ప్రింటర్ జబ్బు కాదు, ఫాంటుది. శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లలో పాత ఫైళ్లు అను ఫాంట్లలాంటి వాటితో తయారై ఉంటాయి. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. మీ లైసెన్సుతో ఫాంట్లు మళ్లీ ఎక్కించుకోవాలి.

యూనికోడ్ ఫైళ్లలో ఇంకో రకం ఇబ్బంది ఉంది. గౌతమి ఫాంటుతో చేసిన పాత దరఖాస్తు కొత్త కంప్యూటర్‌లో వరుసలు మారిపోయి వస్తుంది. విండోస్ 11లో గౌతమి ముందుగా ఉండదు, దాని బదులు నిర్మలా వాడుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ జోడిస్తే గౌతమి, వాణి వస్తాయి.

## 10. రెండో కంప్యూటర్ నుంచి కూడా తీయాలంటే

షేర్ పేరు చిన్నగా, ఖాళీలు లేకుండా ఇంగ్లిషులో పెట్టండి. నెట్‌వర్క్ ప్రైవేట్‌గా ఉండాలి. ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఒకరు ఉండాలి. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ను కొత్త విండోస్ ఒప్పుకోదు.

కలుపుతుంటే 11బీతో ముగిసే ఎర్రర్ రావడం మామూలే. 2021లో ప్రింటింగ్ భద్రతను కట్టుదిట్టం చేసిన దగ్గర నుంచి ఇది మొదలైంది. రిజిస్ట్రీ మార్చి ఆ రక్షణ తీసేయమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. ఈ దారి మేలు:

1. రెండో కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్‌లో మొదటి కంప్యూటర్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ నమోదు చేయండి.
2. చేత్తో లోకల్ ప్రింటర్ జోడించడం మొదలుపెట్టి, కొత్త లోకల్ పోర్ట్ సృష్టించండి.
3. పోర్టు పేరుగా రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు ఇవ్వండి.
4. అదే డ్రైవర్‌ను హ్యావ్ డిస్క్ ద్వారా చూపించండి.

## 11. స్కానర్ సంగతి వేరు

ఎం1005లో ప్రింట్ రావడం, స్కాన్ రావడం రెండు వేర్వేరు డ్రైవర్ల పని. ప్రింట్ వచ్చింది కదా అని స్కాన్ వస్తుందని అనుకోకండి. డివైస్ మేనేజర్‌లో ఇమేజింగ్ డివైసెస్ కింద అది కనిపిస్తే విండోస్ ఫ్యాక్స్ అండ్ స్కాన్‌తోనో, ఉచితంగా దొరికే నాప్స్2తోనో ప్రయత్నించండి. కంపెనీ పాత స్కాన్ ప్రోగ్రామ్ తెరుచుకోకపోయినా వీటిలో పని జరగవచ్చు. డ్రైవరే లేకపోతే వ్యూస్కాన్ అనే డబ్బు పెట్టి కొనే ప్రోగ్రామ్ ఉంది. పాత స్కానర్లకు తన సొంత డ్రైవర్లను వాడుతుంది. కొనేముందు దాని ట్రయల్‌లో మీ మోడల్ పనిచేస్తోందో చూసుకోండి.

## 12. 64-బిట్ డ్రైవరే లేకపోతే

అన్ని చోట్లా వెతికి 32-బిట్ మాత్రమే దొరికిందా? పాత కంప్యూటర్‌లో ఉంచి షేర్ చేద్దాం అనే ఆలోచన అందరికీ వస్తుంది. కానీ విండోస్ షేరింగ్‌లో రెండో కంప్యూటర్‌కు కూడా డ్రైవర్ కావాలి. సమస్య అక్కడికే తిరిగొస్తుంది. పనిచేసే దారులు ఇవి:

- పీడీఎఫ్ పద్ధతి. కొత్త కంప్యూటర్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసి, పాత కంప్యూటర్‌లో తెరిచి ప్రింట్ కొట్టండి. రోజుకు కొద్ది పేజీలే ఉంటే ఇదే తేలిక. పాత కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి. అది ఎక్స్‌పీ అయితే నెట్‌వర్క్‌కు కూడా కలపకండి, పెన్‌డ్రైవ్ వాడండి.
- వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో పాత 32-బిట్ విండోస్ పెట్టి, యూఎస్‌బీ ప్రింటర్‌ను దానికి అప్పగించవచ్చు. 8 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు. లైసెన్సు మీదే అయి ఉండాలి.
- లినక్స్ ప్రింట్ సర్వర్. పాత కంప్యూటర్‌లో లినక్స్ వేస్తే కప్స్ అనే వ్యవస్థ ప్రింటర్‌ను నడిపి, నెట్‌వర్క్‌లో అందరికీ మామూలు ఐపీపీ (నెట్‌వర్క్‌లో ప్రింట్ పంపే ఉమ్మడి పద్ధతి) ప్రింటర్‌లా చూపిస్తుంది. అప్పుడు విండోస్ వైపు ప్రత్యేక డ్రైవర్ అక్కరలేదు. ఫోన్ల నుంచి కూడా తీయవచ్చు. హెచ్‌పీ 1020కి లినక్స్‌లో హెచ్‌ప్లిప్ (HPLIP) అనే హెచ్‌పీ డ్రైవర్ ప్యాకేజీతో పాటు దాని ప్లగిన్ కూడా వేయాలి, ఎందుకంటే ఆ ప్రింటర్ స్విచ్ వేసిన ప్రతిసారీ తన ఫర్మ్‌వేర్‌ను (లోపల నడిచే ప్రోగ్రామ్) కంప్యూటర్ నుంచే తెచ్చుకుంటుంది.

ఒకే కంప్యూటర్, రోజంతా వరుసగా జనం నిలబడే షాపు, డ్రైవర్ చూస్తే 32-బిట్ మాత్రమే అయితే నా సలహా సూటిగా చెబుతాను: ఆ ప్రింటర్‌ను రెండోదిగా ఉంచుకుని, కొత్తది తీసుకోండి. కొనేటప్పుడు ఐపీపీ లేదా మోప్రియా (కంపెనీ డ్రైవర్ లేకుండా ప్రింట్ తీసే ఉమ్మడి ప్రమాణం) ఉందో లేదో అడగండి. అవి ఉంటే విండోస్ మారినా కంపెనీ డ్రైవర్ కోసం వెతుక్కోవలసిన పని ఉండదు. డాట్ మ్యాట్రిక్స్ అయితే ఈ సలహా వర్తించదు, దానికి ఎనిమిదో మెట్టే దారి.